కండోమ్ చిరిగింది, భయం మాత్రం ముద్దు గురించి: ఏ లైంగిక చర్యలో హెచ్‌ఐవీ ప్రమాదం ఎంత?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా తిరిగి చెబుతాను, నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీరే సరిచూసుకోండి. మీరు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నారు, పెళ్లయి ఏడాదిన్నర అయింది. శుక్రవారం రాత్రి, కొద్దిపాటి పరిచయం మాత్రమే ఉన్న ఒక మహిళతో గడిపారు. గాఢంగా ముద్దులు పెట్టుకున్నారు, ఇద్దరి మధ్యా నోటి సంభోగం జరిగింది, ఆ తర్వాత కండోమ్‌తో యోని సంభోగం జరిగింది, అంతా అయ్యాక చూస్తే కండోమ్ చిరిగి ఉంది. ఆమెకు హెచ్‌ఐవీ ఉందో లేదో మీకు తెలియదు. పళ్లు తోముకునేటప్పుడు మీ చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటుంది కనుక ముద్దు ద్వారానో, నోటి ద్వారానో వచ్చేసి ఉంటుందని రెండు రాత్రులుగా నిద్రపోలేదు. ఏ చర్యలో ఎంత ప్రమాదమో అంకెలతో చెప్పమన్నారు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న ఈ సమయంలో భార్యతో ఎలా ఉండాలో కూడా చెప్పమన్నారు.

సూటి సమాధానం ఇది. ముద్దు వల్ల మీకు హెచ్‌ఐవీ రాదు. నోటి సంభోగం వల్ల వచ్చే అవకాశం దాదాపు లేదు. లెక్కలోకి తీసుకోవలసింది కండోమ్ చిరిగిన ఆ యోని సంభోగం ఒక్కటే, అందులోనూ అవకాశం చాలా తక్కువే. అయినా, సోమవారం రాత్రి దాటకముందే వైద్యుడిని కలవండి. వీలైతే ఇది చదివిన వెంటనే బయలుదేరండి. సంపర్కం జరిగిన 72 గంటల లోపు మొదలుపెడితే ఇన్‌ఫెక్షన్ పాతుకుపోకుండా అడ్డుకునే మందులు ఉన్నాయి, వాటినే పెప్ అంటారు; ఆ తర్వాత వాటివల్ల ప్రయోజనం ఉండదు. ఇవాళ ఆదివారం కనుక హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరు మూసి ఉంటుంది. కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో క్యాజువాలిటీకి వెళ్లి, కండోమ్ చిరిగిందని, పెప్ మందుల కోసం వచ్చానని డ్యూటీ డాక్టరుతో నేరుగా చెప్పండి. సూది గుచ్చుకున్న సిబ్బంది కోసం ఈ మందులు అక్కడ రాత్రింబవళ్లు సిద్ధంగా ఉంచుతారు. మీ సందర్భంలో వాటిని వాడాలా వద్దా, అక్కడే ఇస్తారా లేక చీటీ రాసిస్తే బయట కొనుక్కోవాలా అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు. మిగతా సమాధానం వెళ్లి వచ్చాక చదివినా నష్టం లేదు.

నేను కోస్తా జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రం) కౌన్సెలర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా ఎదుట కూర్చునేవారిలో ఎక్కువమంది భయపడే విషయం ఒకటి, నిజంగా భయపడవలసిన విషయం మరొకటి. ముద్దు గురించి, మసాజ్ గురించి, హోటల్ గదిలోని తువ్వాలు గురించి గంటసేపు అడిగినవారు, లేవబోతూ గుమ్మం దగ్గర ఆగి, "కండోమ్ లేకుండా కూడా రెండుసార్లు జరిగింది లెండి" అని పక్కమాటగా చెబుతారు. మీ ప్రశ్నలోనూ చిగుళ్లకు నాలుగు వాక్యాలు, చిరిగిన కండోమ్‌కు ఒక్క వాక్యమే దక్కింది.

హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి శరీరంలో వైరస్‌ను ఇతరులకు అంటించగలిగే స్థాయిలో మోసే ద్రవాలు కొన్నే: రక్తం, వీర్యం, వీర్యానికి ముందు ఊరే జిగురు, యోని స్రావాలు, మలద్వారపు లోపలి పొర నుంచి ఊరే స్రావం, తల్లిపాలు. లాలాజలం, చెమట, కన్నీరు, మూత్రం ఈ జాబితాలో లేవు. పైగా లాలాజలంలో ఈ వైరస్‌ను బలహీనపరిచే పదార్థాలు ఉంటాయి. ఆ ద్రవం అవతలి వ్యక్తి శరీరంలోని పలచని లోపలి పొరకో, తెరుచుకుని ఉన్న పుండుకో, నేరుగా రక్తానికో చేరాలి. గాలి తగిలి ఆరిపోతే వైరస్ శక్తి కోల్పోతుంది. దెబ్బలేని చర్మాన్ని అది దాటలేదు. చేత్తో స్పర్శించడం, శరీరాలు ఒకదానికొకటి రాసుకోవడం, ఒకే మరుగుదొడ్డి వాడడం, దోమకాటు వంటివి ఈ కారణంగానే లెక్కలోకి రావు. వీటి గురించి ఇంతకంటే రాయనవసరం లేదు.

ఇక మీరడిగిన అంకెలు. ఇవి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వాడే అంచనాలు. ప్రపంచమంతటా కౌన్సెలర్లు వీటినే ఉదహరిస్తారు. అవతలి వ్యక్తికి హెచ్‌ఐవీ ఉండి, మందులు వాడకుండా, కండోమ్ కూడా లేకుండా జరిగిన 10,000 సంపర్కాలలో ఎన్నింట ఇన్‌ఫెక్షన్ సోకుతుందన్నది ఈ లెక్క. మలద్వార సంభోగంలో స్వీకరించే వ్యక్తికి 138. అదే చర్యలో అంగప్రవేశం చేసే వ్యక్తికి 11. యోని సంభోగంలో స్త్రీకి 8, పురుషుడికి 4. నోటి సంభోగానికి అంకె వేయలేనంత తక్కువ. పోలిక కోసం చెబుతున్నాను, ఒకరు వాడిన సూదితో మరొకరు మత్తుమందు ఎక్కించుకుంటే 63, వైరస్ ఉన్న రక్తం ఎక్కిస్తే 9,250.

మొదటి అంకెకూ తక్కినవాటికీ అంత తేడా ఎందుకన్నది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అపోహ ఎక్కువగా ఉన్నది ఇక్కడే. యోని గోడ అనేక పొరల కణాలతో మందంగా ఉంటుంది. మలద్వారం లోపలి పొర మాత్రం ఒకే వరుస కణాలతో ఉంటుంది, రాపిడిని తగ్గించేంత సహజమైన జిగురు దానికి లేదు, కొద్దిపాటి రాపిడికే చిట్లుతుంది, దాని అడుగునే వైరస్ వెతుక్కునే రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి. వీర్యం కూడా అక్కడ చాలాసేపు నిలిచి ఉంటుంది. ఏళ్ల తరబడి గోడల మీద, బస్టాండ్లలో మనం చూసిన ఎయిడ్స్ బొమ్మల్లో పురుషుడి పక్కన ఎప్పుడూ ఒక స్త్రీయే ఉండేది. దాని ఫలితంగా, "నేను ఆడవాళ్ల జోలికి పోను, మగవాళ్లతోనే, కాబట్టి నాకు భయం లేదు" అని నిజంగా నమ్మి చెప్పిన యువకులు నా దగ్గరకు వచ్చారు. వారిలో డిగ్రీ చదివినవారూ ఉన్నారు. గర్భం రాకూడదనో, కన్యాత్వం పోకూడదనో పెళ్లికి ముందు ఈ మార్గాన్ని ఎంచుకున్న జంటలదీ అదే నమ్మకం. కండోమ్ లేని మలద్వార సంభోగంలో స్వీకరించేవారికి ఉన్న ప్రమాదం, యోని సంభోగంలో స్త్రీకి ఉన్నదానికి సుమారు పదిహేడు రెట్లు. స్వీకరించేవారు స్త్రీ అయినా పురుషుడైనా ఈ లెక్క మారదు.

యోని సంభోగంలో స్త్రీకి ప్రమాదం పురుషుడికంటే రెట్టింపు ఉండడానికి శరీర నిర్మాణమే కారణం. వీర్యం తాకే పొర విస్తీర్ణం ఎక్కువ, తాకి ఉండే సమయమూ ఎక్కువ. పురుషుడిలో వైరస్‌కు దారి దొరికేది మూత్రనాళపు చివర, ముందుచర్మం లోపలివైపు. సున్తీ అయిన పురుషులకు స్త్రీల నుంచి సోకే ప్రమాదం సుమారు 60 శాతం తగ్గుతుందని దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో జరిగిన పరీక్షలు తేల్చాయి. మిగిలిన 40 శాతానికి కండోమ్ అవసరమే. వీర్యం పడకముందే బయటకు తీశామని చాలామంది ధీమాగా చెబుతారు. దానివల్ల ప్రమాదం కొంత తగ్గవచ్చు గాని, ముందు ఊరే జిగురులోనూ వైరస్ ఉండగలదు. పైగా ఆ పద్ధతి పురుషుడికి ఏ రక్షణా ఇవ్వదు.

నోటి సంభోగం విషయంలో మీ చిగుళ్ల ప్రశ్నకు వస్తాను. నోట్లో పెద్ద పుండు ఉండి, అందులోకి వైరస్ ఎక్కువగా ఉన్న వ్యక్తి వీర్యం పడినప్పుడు సోకవచ్చన్నది సిద్ధాంతరీత్యా నిజం. అటువంటి అరుదైన ఉదంతాలు ప్రపంచంలో నమోదయ్యాయి కూడా. మీ సందర్భంలో వీర్యం ప్రసక్తే లేదు. స్త్రీకి నోటితో చేసినవారికి ప్రమాదం ఇంకా తక్కువ, ఆమె నోటితో చేసినందువల్ల మీకు సోకే అవకాశం దాదాపు సున్నా, ఎందుకంటే మీకు తగిలింది ఆమె లాలాజలం మాత్రమే. ఉదయం బ్రష్ చేస్తే కనిపించే రక్తపు చార అక్కడి నుంచి రక్తం బయటికి వస్తోందని చెబుతుంది, అంతే. అయితే సిఫిలిస్, గనేరియా, హెర్పిస్ నోటి ద్వారా తేలికగానే సోకుతాయి. ఎవరైనా నోటి సంభోగం గురించి ఆందోళనపడుతూ వస్తే నేను వారి దృష్టిని హెచ్‌ఐవీ మీద నుంచి వీటి మీదకు మళ్లిస్తాను.

ఇప్పుడు ఈ అంకెలను ఎలా చదవాలో చెబుతాను. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం చూసి ఇవాళ గొడుగు అక్కర్లేదని ఎవరూ తేల్చుకోరు. ఇవి కూడా అటువంటి సగటులే. నిజజీవితంలో మూడు విషయాలు వీటిని పైకో కిందికో లాగుతాయి.

మొదటిది, ఇన్‌ఫెక్షన్ ఏ దశలో ఉందన్నది. కొత్తగా సోకిన మొదటి కొన్ని వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. ఆ సమయంలో వ్యక్తికి తనకు ఉన్నట్టు తెలియదు, వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో చేసే పరీక్ష కూడా నెగెటివ్ చూపవచ్చు. "పోయిన వారమే పరీక్ష చేయించుకుంది" అన్న మాటను పూర్తి భరోసాగా తీసుకోలేకపోవడానికి కారణం ఇదే. రెండోది, జననాంగాల మీద పుండ్లు. సిఫిలిస్, హెర్పిస్ వంటివి ఇద్దరిలో ఎవరికున్నా, వైరస్‌కు తలుపు తెరిచి ఉన్నట్టే. బహిష్టు సమయం, రక్తం వచ్చేంత రాపిడి కూడా ప్రమాదాన్ని పెంచుతాయి.

మూడోది తక్కిన రెండింటినీ మించినది: అవతలి వ్యక్తి మందులు వాడుతున్నారా, లేదా. ఏఆర్‌టీ మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరిన వ్యక్తి నుంచి లైంగిక సంపర్కం ద్వారా హెచ్‌ఐవీ సోకదు. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు. తొమ్మిది దేశాలలో, మన చెన్నై, పుణె కేంద్రాలతో సహా, ఒకరికి పాజిటివ్, మరొకరికి నెగెటివ్‌గా ఉన్న 1,763 జంటలతో జరిగిన పరిశోధనలో, త్వరగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లోనే తేలింది. ఆ తర్వాత యూరప్‌లో పురుష జంటలపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, కండోమ్ లేకుండా జరిగిన సుమారు 76,000 మలద్వార సంభోగాలలో, మందులతో వైరస్ అణగి ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. అన్నింటికంటే ప్రమాదకరమైన చర్యలోనే ఫలితం సున్నా. మా సెంటరులో భర్త పాజిటివ్, భార్య నెగెటివ్‌గా ఉండి, మందులు తప్పకుండా వాడుతూ, వైద్యుల సలహాతో బిడ్డను కన్న దంపతులు ఉన్నారు. తల్లీబిడ్డా నెగెటివే. అందుకే, పాజిటివ్ అని తెలిసి మందులు వాడుతున్న వ్యక్తికంటే, పరీక్షే చేయించుకోని వ్యక్తితో కండోమ్ లేని సంపర్కం ప్రమాదకరం. సమాజం దీనికి సరిగ్గా తలకిందులుగా ప్రవర్తిస్తుంది.

మీ లెక్క వేసి చూద్దాం. ఆమెకు హెచ్‌ఐవీ ఉందో లేదో తెలియదు కదా. జాతీయ అంచనాల ప్రకారం 2021లో ఆంధ్రప్రదేశ్‌లో వయోజనులలో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.67 శాతం. దేశ సగటు 0.21 కనుక మనది ఎక్కువే, అయినా నూటికి ఒకరిలోపు. ఆమెకు ఉండే అవకాశాన్ని ఉదారంగా నూటికి రెండు అనుకున్నా, ఉండి మందులు వాడడం లేదనుకున్నా, కండోమ్ మొదటినుంచీ లేదనుకున్నా, మీకు సోకే అవకాశం లక్షకు ఒకటి కంటే తక్కువ వస్తుంది. ఇంత తక్కువైతే మందులెందుకని మీరడగవచ్చు. ఆమె కొత్తగా ఇన్‌ఫెక్షన్ సోకిన దశలో ఉందో, పుండు ఏదైనా ఉందో ఈ లెక్కకు తెలియదు. వైద్యుడు మిమ్మల్ని పరీక్షించి అక్కర్లేదంటే అదీ సరైన సమాధానమే, నేను అభ్యంతరం చెప్పను. అయితే ఆ మాట 72 గంటల లోపు వైద్యుడి నోట రావాలి. ఆమెతో మాట్లాడే వీలుంటే, కండోమ్ చిరిగిన సంగతి చెప్పి, ఇద్దరం పరీక్ష చేయించుకుందామని అడగండి. ప్రమాదం ఆమెకు కూడా ఉంది, నిజానికి మీకంటే ఎక్కువే.

పెప్ అంటే ప్రస్తుతం మన దేశంలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకు ఒకటి చొప్పున 28 రోజులు. మొదటి మాత్ర ఎంత త్వరగా పడితే అంత మంచిది. మొదటి వారంలో కొంత వికారం, తలనొప్పి ఉండవచ్చు. ముందుగా మూత్రపిండాల పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష చేస్తారు. భయం తగ్గిందని పదో రోజున ఆపేసేవారిని చూశాను; సగం కోర్సుకు అర్థం లేదు.

కండోమ్ ఎందుకు చిరిగిందో కూడా చూసుకోండి. పొడిగా ఉందని కొబ్బరినూనెగాని, వ్యాజిలైన్‌గాని రాశారా? రబ్బరు కండోమ్‌ను ఏ నూనె అయినా కొద్ది నిమిషాల్లోనే బలహీనపరుస్తుంది. నీటితో గాని, సిలికాన్‌తో గాని తయారైన జెల్ మాత్రమే వాడాలి. పర్సులో నెలల తరబడి పెట్టుకుని తిరిగినదీ, చివర గాలి బుడగ మిగిలినదీ, రెండు ఒకదానిమీద ఒకటి తొడిగినవీ ఇలాగే చిరుగుతాయి. మరో విషయం: జరిగాక డెట్టాల్‌తోనో, శానిటైజర్‌తోనో కడుక్కోకండి. ఈమధ్య ఒకాయన నిలబడలేక, కూర్చోలేక మా గదికి వచ్చారు. నీళ్లు కలపని డెట్టాల్ దూదితో రుద్దుకోవడంతో చర్మం పొర ఊడి, ఎర్రటి పచ్చిపుండు అయింది. ఆయన సంపర్కంలో ప్రమాదం ఏమీ లేదు, అందులో కండోమ్ చిరగనే లేదు. మామూలు సబ్బు, నీళ్లు చాలు.

పరీక్షల సంగతి. ఈ వారంలో చేసే పరీక్ష మీ పాత స్థితిని మాత్రమే చెబుతుంది, శుక్రవారం గురించి ఏమీ చెప్పదు; అయినా అది అవసరం. వైరస్ భాగాన్నీ, దాన్ని ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసే యాంటీబాడీలనూ కలిపి వెతికే నాలుగో తరం పరీక్షను ప్రయోగశాలలో చేస్తారు, అది సంపర్కం జరిగిన 45 రోజులకు దాదాపు నిశ్చయంగా చెబుతుంది. మా ఐసీటీసీలో వేలి రక్తపు చుక్కతో చేసే రాపిడ్ పరీక్షకు 90 రోజులు ఆగాలి. పెప్ వాడితే శరీరంలో యాంటీబాడీలు ఆలస్యంగా తయారుకావచ్చు కనుక, ఈ గడువులను మందులు ముగిసిన రోజు నుంచి లెక్కించమని వైద్యులు చెబుతారు. ఐసీటీసీలో పరీక్ష ఉచితం. మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయడం, ఫలితాన్ని ఇతరులకు చెప్పడం 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, అందులోని కొన్ని మినహాయింపులు తప్ప, నిషిద్ధం. అప్పటివరకు లక్షణాల కోసం వెతుక్కోకండి. మెడ కింద బిళ్లలు ఉన్నాయేమోనని గంటకోసారి నొక్కి చూసుకుని, ఆ నొక్కుడుకే వాపు తెచ్చుకున్నవారు వారానికి ఒకరైనా వస్తారు. జ్వరం వచ్చినంత మాత్రాన హెచ్‌ఐవీ అనలేము, రానంత మాత్రాన కాదనీ అనలేము. వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కు ఫోన్ చేయండి, అది ఉచితం.

భార్య విషయం చివరికి మిగిల్చాను గాని ప్రాధాన్యంలో ఇది ముందుది. మీకు సోకే అవకాశం అతి తక్కువని పైన నేనే చెప్పాను. అయినా చివరి పరీక్ష నెగెటివ్ వచ్చేవరకు ఆమెతో కండోమ్ లేకుండా కలవకూడదు, గర్భం కోసం ప్రయత్నించకూడదు. మీకు కొత్తగా సోకి ఉంటే, వైరస్ అత్యధికంగా ఉండే వారాలు సరిగ్గా ఇవే. ఆ సమయంలో గర్భం నిలిస్తే ముప్పు ఇద్దరికి. చికిత్స లేకుంటే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది, చికిత్సతో 5 లోపుకు తగ్గుతుంది. మా రిజిస్టర్లలో ఉన్న ఆడవాళ్లలో చాలామందికి తెలిసిన మగవాడు ఒక్కడే, తాళి కట్టినవాడు. గర్భవతులకు చేసే పరీక్షలోనే వారి సంగతి బయటపడింది, ఆ తర్వాతే భర్తను పిలిపించాము.

ఒక్కసారిగా కండోమ్ అంటే మీ భార్య అనుమానిస్తుందన్నారు. అనుమానించవచ్చు. ఇన్‌ఫెక్షన్ ఉంది, డాక్టరు వద్దన్నారు వంటి సాకులు నేను నేర్పను. నెలల తరబడి నిలబడే సాకును నేనింతవరకు చూడలేదు, అది బయటపడిన రోజు అసలు విషయంకంటే అబద్ధమే పెద్దదవుతుంది. చెప్పగలిగితే చెప్పండి. ఒక్కరే చెప్పలేమనుకుంటే, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడడం మా కౌన్సెలర్ల పనిలో భాగమే, అడగవచ్చు. ఇప్పుడే చెప్పలేకపోతే పరీక్ష తేలేవరకు దూరంగా ఉండండి. ఏ దారి ఎంచుకున్నా నిర్ణయం మీదే, కాని ఆమెకు తెలియకుండా ఆమె శరీరాన్ని ఈ లెక్కలోకి లాగే హక్కు మీకు లేదని నా అభిప్రాయం.

ఇవాళ క్యాజువాలిటీలో హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలకూ రక్తం ఇవ్వండి. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే మొదటి డోసు ఇప్పుడే అడగండి. మూత్రంలో మంట, చీము, పుండు ఏది కనిపించినా అదే ఆసుపత్రిలో సుఖవ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్ ఉంటుంది, అక్కడ చూపించుకోండి. రెండో విడత సిఫిలిస్ పరీక్షను మూడు నెలల హెచ్‌ఐవీ పరీక్షతో కలిపి చేయించుకోవచ్చు.